కుడివైపు కింద మూల

మొన్న నడికుడి నుంచి ఒకాయన మా ఆఫీసుకి వచ్చాడు. రైల్వేలో కీమ్యాన్. భుజాన సుత్తీ స్పానరూ వేసుకుని, రోజూ పట్టాల వెంట నడుస్తూ బిగింపులు సరిచూసే ఉద్యోగం. ఎండకి పట్టా మరీ వేడెక్కితే రంగు మారే క్లిప్పు ఒకటి తయారుచేశాడు. చల్లగా ఉంటే ఆకుపచ్చ, వేడెక్కితే ఎరుపు. దానికి పేటెంటు కావాలన్నాడు. సంచీలోంచి ఫొటోలు తీసి, పెళ్ళి ఆల్బం చూపించినట్టు ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు.

"మేడం, ఇవన్నీ కలర్లోనే పెట్టాలండీ. కలర్ తీసేస్తే ఇందులో ఇంకేమీ ఉండదు," అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. నరసరావుపేటలో పేటెంట్ ఏజెంటునని బోర్డు పెట్టుకున్న దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. మామూలుగా అయితే రూల్సన్నీ వల్లించి, టీ ఇచ్చి పంపిస్తాను. ఆ రోజు మాత్రం నోరు తెరవగానే నవ్వు వచ్చింది. నవ్వుతుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం, తన క్లిప్పు చూసి నవ్వుతున్నానేమోనని ఆయన ఫొటోలు మళ్ళీ సంచీలో సర్దుకోబోయాడు.

"మీ గురించి కాదండీ, కూర్చోండి. ఇదే మాట మీద నాతో ఏళ్ళ తరబడి పోట్లాడిన మనిషి ఒకాయన ఉండేవాడు," అన్నాను.

ఆయన పోయి ఏడాది దాటింది. పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఎక్కడ ఉండాలని ఆయన పట్టుబట్టాడో అక్కడ ఉంది, అది చాలు. నాకు మాత్రం బాబాయ్. చుట్టరికం ఏమీ లేదు, మా వీధి చివరి ఇల్లు. నేను బడికెళ్ళే రోజుల నుంచీ ఆయన నిచ్చెన మీదే ఉండేవాడు. కింద నుంచి చూస్తే రెండు పాదాలూ, ఒక రంగు డబ్బా కనపడేవి. ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు చాన్నాళ్ళు తెలియదు.

బోర్డులు రాసేవాడు. గోడల మీద ప్రకటనలు వేసేవాడు. కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభలకి రంగులు వేసేవాడు. చర్చిలో యేసుప్రభువు, లారీ వెనక ఆంజనేయస్వామి, ప్రహరీ గోడ మీద పురుగుమందు డబ్బా పట్టుకున్న రైతు, ముగ్గురికీ ఒకటే గులాబీ బుగ్గలు. "ఏంది బాబాయ్, దేవుడికీ రైతుకీ తేడా లేదా?" అంటే, "మందు కొట్టక ముందు రైతు గదా, నవ్వుతానే ఉంటాడు," అనేవాడు.

ఎలక్షన్లు వస్తే రెండు పార్టీలకీ ఆయనే. గోడకి ఈ పక్కన ఒకళ్ళ గుర్తు, ఆ పక్కన ఇంకొకళ్ళ గుర్తు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ గోడకి సున్నం కొట్టించేవాళ్ళు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ గోడకి పేడ కొట్టేవాళ్ళు. మధ్యలో ఎవరూ చెయ్యి చేసుకోనిది ఒకటే ఉండేది. అది ఆయన సంతకం. కుడివైపు కింద మూల, వాలుగా తన పేరు, పక్కన 'ఆర్ట్స్', దాని కింద ఒక గీత, గీత కింద నరసరావుపేట, ఆ కింద సెల్ నంబరు. పల్నాడులో గోడలు రాసే ప్రతివాడూ అలాగే పెడతాడు. గోడ చూసినవాడు ఆ మూల చూసి ఫోన్ చేస్తే మరో గోడ వస్తుంది. అదీ వాళ్ళ వాడుక.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పుట్టినరోజుకి ఫ్లెక్సీ, పెద్దమనిషైతే ఫ్లెక్సీ, చచ్చిపోతే ఫ్లెక్సీ. బాబాయ్ నిచ్చెన దిగాడు. అప్పుడే మొదటిసారి ఆయన మొహం తీరిగ్గా చూశాను. చెవి వెనక బ్రష్షు, ఒక కన్ను ఎప్పుడూ సగం మూసి ఉంటుంది. కొలత చూసీ చూసీ ఆ కన్ను అలా ఉండిపోయిందట.

అదే రోజుల్లో నేను కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం మానేసి, పరీక్ష రాసి, పంపుసెట్ల షాపు మేడ మీద ఆఫీసు తెరిచాను. పేటెంట్ ఏజెంట్ అని బోర్డు చూసి, "ఏ కంపెనీ ఏజెంటువమ్మా, పాలసీ కట్టాలా?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. నిజంగా వచ్చినవాళ్ళు రైతులూ, మెకానిక్కులూ. తుప్పు పట్టిన ఇనప సామాను ట్రాలీలో వేసుకొచ్చి, "ఇదిగో, నేను కనిపెట్టింది," అనేవాళ్ళు. దాన్ని కాగితం మీద బొమ్మగా దించేవాళ్ళు కావాలి. కంప్యూటర్ మీద గీసే పిల్లలకి ఆ ఇనప సామాను చూస్తే తల తిరిగేది. బాబాయ్ అయితే చుట్టూ ఒకసారి తిరిగి, ఒక కన్ను మూసి, "ఓహో, ఇది తోసిద్ది, అది తిరిగిద్ది," అని కూర్చునేవాడు. అంతే, దిగిపోయేది.

దిగేది కానీ, ఎలా దిగేది!

మొదటి పని ఎడ్లపాడు రైతుది. పత్తి కట్టెని వేళ్ళతో సహా పీకే పరికరం. నాలుగు రోజుల తర్వాత బాబాయ్ చుట్ట చుట్టిన చార్టు తెచ్చి, తిరునాళ్ళలో బొమ్మల పటం విప్పినట్టు విప్పాడు. సూర్యోదయం. ఎర్రటి ఆకాశం. పచ్చటి చేను. గులాబీ బుగ్గల రైతు. పైన రెండు పక్షులు. పరికరం ఒక పక్కన, నీలం రంగులో మెరిసిపోతోంది.

"బాబాయ్, ఇదేంది?"

"బాగలేదా?"

"చాలా బాగుంది. కానీ తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో గీతలు మాత్రమే ఉండాలి. రంగు ఉండకూడదు. ఇది స్కాన్ చేసి పంపితే అక్కడికి వెళ్ళేసరికి మొత్తం మసి అవుతుంది."

"రంగు లేని బొమ్మ ఉప్పు లేని పప్పు. ఎవరు తింటారు?"

"తినడానికి కాదు బాబాయ్. కొన్ని దేశాల్లో రంగు లేకుండా చెప్పడం కుదరదని అర్జీ పెట్టుకుంటే ఒప్పుకుంటారు. మన దగ్గర గీతల్లోనే చెప్పాలి. అయినా ఈ పక్షులెందుకు?"

"చేలో పక్షులుండవా?"

"పేటెంటు బొమ్మలో ఉన్న ప్రతిదానికీ ఒక అంకె ఉండాలి. ఆ అంకె ఏమిటో నేను రాతలో చెప్పాలి. పక్షులకి ఏం అంకె వెయ్యను?"

ఆయన ఒక కన్ను మూసి ఆలోచించి, చెవి వెనక బ్రష్షు తీసి, ఒక పక్షికి పన్నెండు, ఇంకో పక్షికి పదమూడు వేశాడు. "ఇప్పుడు సరేనా?" అన్నాడు. తల గోడకేసి కొట్టుకుందామంటే గోడకి కూడా ఆయన వేసిన రంగే.

ఆ పూట కూర్చోబెట్టి రూల్సన్నీ చెప్పాను. ఏ-ఫోర్ కాగితం. పైనా ఎడమవైపూ నాలుగు సెంటీమీటర్లు, కిందా కుడివైపూ మూడు సెంటీమీటర్లు వదిలెయ్యాలి. కొలతలు వెయ్యకూడదు. బొమ్మ మీద మాటలు రాయకూడదు, అంకెలే ఉండాలి. ఆయన అన్నిటికీ తల ఊపాడు. చివరికి అడిగాడు, "మరి నా సంతకం?"

"ఆ మూల నీది కాదు బాబాయ్. కుడివైపు కింద దరఖాస్తు పెట్టినాయన సంతకం ఉండాలి. లేకపోతే ఏజెంటుది."

"బొమ్మ ఏసింది నేను గదా?"

"వేసింది నువ్వే. మూల మాత్రం నీది కాదు."

టీ వచ్చింది. పరధ్యానంలో బ్రష్షు టీలో ముంచి, పక్కనున్న ఇంకు గిన్నె ఎత్తి తాగబోతే నేనే చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు అన్నాడు.

"ఈ కాగితాలు యాడ పెడతారే?"

"చెన్నైలో పేటెంటు ఆఫీసు రికార్డులో. కంప్యూటర్లో ఉంటాయి. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

"మధ్యలో ఎవడూ సున్నం కొట్టడా?"

"కొట్టరు బాబాయ్."

ఆ ప్రశ్న నాకు ఆ రోజు తమాషాగా అనిపించింది. తర్వాత గాని అర్థం కాలేదు. ఆయన నలభై ఏళ్ళు వేసిన బొమ్మల్లో ఊళ్ళో మిగిలినవి లెక్కపెడితే చేతివేళ్ళు సరిపోతాయి. మిగతావాటిని సున్నం మింగేసింది, లేకపోతే వాటి మీద ఫ్లెక్సీ కట్టేశారు. సున్నం పడని గోడ ఒకటి ఉందని తెలిశాక, దాని మూల తనకి కావాలని ఆయన కోరిక. అంతకు మించి ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. అది మాత్రం రకరకాలుగా అడిగాడు.

అడిగితే ఇవ్వనని తెలిసి దొంగతనానికి దిగాడు. విత్తనాలు వేసే డ్రమ్ము సీడర్ బొమ్మలో టైరు మీద గీతల మధ్య సన్నగా తన పేరు దూర్చాడు. భూతద్దం పెట్టి పట్టుకున్నాను. వైట్‌నర్ పూశాను. ఇంకోసారి మోటారు మీద కంపెనీ పేరుండే చోట 'ఆర్ట్స్' అని పెట్టాడు. పూశాను. ఒకసారి పాలు పితికే యంత్రానికి గేదెను వేసి, దాని తోక వెంట్రుకల్లో సెల్ నంబరు మొత్తం అల్లాడు. పది అంకెలూ! ఎంత చక్కగా అల్లాడో, చూస్తే తోకే. బొమ్మలో అంకెలన్నీ సరిచూసుకుంటుంటే ఒక తొమ్మిది ఎక్కువ వచ్చి దొరికిపోయాడు.

"నీకున్నయ్ కళ్ళా, కత్తులా?" అని తిట్టాడు. "నీ చేతిలో ఆ తెల్ల డబ్బా చూస్తంటే నాకు ఎలక్షన్లయినాక గెలిచినోడే గుర్తొస్తన్నాడు."

"రూలు బాబాయ్."

"రూలు రాసినోడు ఎప్పుడన్నా బొమ్మేశాడా?"

ఇలా ఏళ్ళు గడిచాయి. ఆయన అలగడం, రెండు రోజులు రాకపోవడం, మూడో రోజు పిన్ని ఉల్లిగారెలు పంపడం, వాటి వెనకే ఆయన రావడం మామూలైపోయింది. పిన్ని అంటే బాబాయ్ భార్య. ఆయన ఎంత మాటకారో ఆమె అంత మౌని. ఆయన రంగులు కలిపితే డబ్బాల మూతలు పెట్టేది.

తర్వాత ముప్పాళ్ళ నుంచి కోటమ్మక్క వచ్చింది.

కోటమ్మక్క మిరపకాయల దగ్గర ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. ఎర్రటి కాయల్లోంచి తాలుకాయలు, అంటే రంగు పోయి పాలిపోయినవి, ఏరి వేరుచెయ్యడం వాళ్ళ పని. రోజంతా ఎర్రటి కుప్పలోకి చూసీ చూసీ సాయంత్రానికి ఆడవాళ్ళ కళ్ళు చింతనిప్పులయ్యేవి. ఆమె దానికొక బల్ల చేయించింది. వాలుగా ఉన్న రేకు, కింద కాలితో తొక్కే పెడలు. తొక్కితే రేకు ఊగి కాయలు ఒక్కొక్కటిగా పరుచుకుని ముందుకి జారతాయి. ఫోన్లో రంగు ఫొటోలు తెచ్చింది. ప్రింటు తీస్తే ఎర్రకాయా తాలుకాయా ఒకటే బూడిదరంగులో వచ్చాయి.

"అమ్మాయ్, కలరు లేకపోతే నా బల్ల ఏం చేసిద్దో వాళ్ళకెట్టా తెలిసిద్ది?" అంది. బాబాయ్ నావైపు గెలిచినట్టు చూశాడు.

ఫొటో చూసి బొమ్మ వెయ్యడం ఆయనకి నామోషీ. ముగ్గురం ముప్పాళ్ళ వెళ్ళాం. కల్లం పక్కన రేకుల షెడ్డు. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, మూతులకి గుడ్డలు, కళ్ళల్లోంచి ధారలు. బాబాయ్ తుమ్మి తుమ్మి, ఒక కన్ను మూసి, కాసేపు వాళ్ళనే చూశాడు. బల్ల వైపు చూడలేదు.

"కోటమ్మా, ఎరుపులో ఎరుపుని ఎతికితే కళ్ళు పోవా? ఎరుపుని చంపెయ్యాల," అన్నాడు.

"ఎట్టా చంపుతావు అన్నా?"

"నాకు తెలుసు. ఓసారి నా బోర్డునే చంపారు." అప్పుడు చెప్పాడు ఆ కథ. టిఫిన్ హోటలుకి లేత పసుపు మీద మంచి రక్తమెరుపు అక్షరాలతో బోర్డు రాశాడట. హోటలాయన ముచ్చటపడి దానికి ఆకుపచ్చ లైటు పెట్టించాడు. లైటు వెయ్యగానే ఎర్ర అక్షరాలు బొగ్గులయ్యాయి. నల్లగా రాశావని ఆయన, నువ్వే చంపావని ఈయన, నడిబజార్లో జుట్లు పట్టుకున్నంత పని చేశారు.

షెడ్డు తలుపులు మూయించాడు. కిటికీలకి గోతాలు కట్టించాడు. పెళ్ళి లైటింగు వాళ్ళ దగ్గర నుంచి ఆకుపచ్చ లైటు తెప్పించి బల్ల మీద వేలాడగట్టాడు. పట్టపగలే షెడ్డు చీకటయింది. లైటు వేశారు. కోటమ్మక్క పెడలు తొక్కింది. ఎర్రకాయలన్నీ నల్లగా బొగ్గుముక్కల్లా జారుతున్నాయి. వాటి మధ్య తాలుకాయలు మాత్రం తెల్లగా వెలుగుతున్నాయి.

ఆడవాళ్ళలో ఒకామె పకపకా నవ్వింది. "ఓసి దీని దుంపదెగ, తాలంతా పళ్ళికిలిస్తందే!" అంది. చూస్తూ చూస్తూ గంపెడు ఏరేశారు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు కోటమ్మక్క కూడా కాగితాల పనికి మాతోనే వచ్చింది, ఆటోలో చెప్పాను. "బాబాయ్, ఈ లైటు ఆలోచన నీది. కోటమ్మక్క బల్లా, నీ లైటూ కలిస్తేనే ఇది కొత్త వస్తువు. చట్టం ప్రకారం నువ్వు కూడా కనిపెట్టినవాడివే. దరఖాస్తులో ఇద్దరి పేర్లూ ఉండాలి."

"నేనేం కనిపెట్టానే? నేను తిట్టుకున్న లైటు గదా అది."

కోటమ్మక్క ఊరుకోలేదు. "అన్నా, నీ పేరు లేకపోతే నాది కూడా వద్దు. ఎనిమిది జతల కళ్ళు నిలబెట్టావు," అంది.

ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. నరసరావుపేట దగ్గరికొచ్చాక గాని అసలు సంగతి తట్టలేదు. ఒక్కసారి ఎగిరి ఆటో రేకుకి తల కొట్టుకున్నాడు.

"అంటే, కుడివైపు కింద మూల?"

"నీదే బాబాయ్. నీదీ, కోటమ్మక్కదీ."

ఆయన చెవి వెనక బ్రష్షు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

బొమ్మలు నాలుగు షీట్లు వేశాడు. ఒక్క పక్షి లేదు, ఒక్క బుగ్గ లేదు. నాలుగో షీటు ఆకుపచ్చ లైటు కింద రేకు ఎలా కనపడుతుందో చూపించేది. ఎర్రకాయలన్నీ నల్ల ఇంకు, తాలుకాయలు ఖాళీ గీతలు. ప్రపంచంలో ఏ రంగుతో వేసినా అంత నిజంగా రాదు. ఆయనే దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఇన్నాళ్ళకి నీ రూలుకి తగ్గ బొమ్మ దొరికిందే. దీనికి రంగేస్తే అబద్ధమైద్ది," అన్నాడు. ఇంకు గిన్నె మూత పెడుతూ ఇంకోమాట కూడా అన్నాడు. "నలుపు కూడా రంగేనే. నాకు లేటుగా తెలిసింది."

సంతకాల రోజు తెల్ల చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు. ముందు పెట్టిన తాత్కాలిక దరఖాస్తుకి పూర్తి కాగితాలు ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు. కోటమ్మక్క బడిలో పలక మీద రాసినట్టు పెదాలు కదుపుతూ నాలుగు షీట్ల మీదా సంతకం పెట్టింది. తర్వాత బాబాయ్ కూర్చున్నాడు. పెన్ను ఇస్తే వద్దని, తన సన్న బ్రష్షు తీశాడు. అంతలో నాకు ఫోన్ వచ్చి వరండాలోకి వెళ్ళాను. అదే నేను చేసిన తప్పు.

తిరిగొచ్చేసరికి నాలుగు షీట్ల మీదా వాలుగా పేరు, పక్కన 'ఆర్ట్స్', కింద గీత, నరసరావుపేట, సెల్ నంబరు. అక్షరాలకి నీడ కూడా వేశాడు.

"బాబాయ్! ఏంది ఈ పని?"

"సంతకం."

"ఫోన్ నంబరు ఏంది?"

"నంబరు లేకపోతే సంతకమెట్టా అయిద్ది? అది ఉత్త పేరు గదా!" అని, నాకు మతి పోయిందేమోనన్నట్టు చూశాడు. జేబులోంచి బ్యాంకు పాసుబుక్కు తీసి మొదటి పేజీ చూపించాడు. నిజమే. ఫొటో పక్కన పెట్టెలో ఇరుక్కుని, పేరూ, ఆర్ట్సూ, నరసరావుపేటా, నంబరూ ఉన్నాయి. "ఓసారి నంబరు మర్చిపోయి పెడితే, సంతకం కలవలేదని తిప్పి పంపారు," అన్నాడు గర్వంగా.

మళ్ళీ నాలుగు షీట్లు వెయ్యడానికి టైము లేదు. వైట్‌నర్ డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఆయన ఊరికే నా చేతికేసి చూశాడు. డబ్బా సొరుగులో పడేసి దరఖాస్తు పంపించాను.

అనుకున్నట్టే తర్వాత పేటెంటు ఆఫీసు నుంచి అభ్యంతరాల కాగితం వచ్చింది. మిగతావన్నీ మామూలువి, జవాబు చెప్పగలిగినవి. ఒకటి మాత్రం, బొమ్మల షీట్ల మీద ఫోన్ నంబరుతో సహా అనవసరమైన రాత ఉంది, తీసేసి కొత్త షీట్లు దాఖలు చెయ్యండి అని.

ఇంకెప్పుడైనా అయితే నవ్వుకుని మళ్ళీ వేయించేదాన్ని. కానీ అప్పటికి బాబాయ్‌కి పక్షవాతం వచ్చి రెండు నెలలు. కుడి చెయ్యి పడిపోయింది. కొత్త షీట్లంటే కంప్యూటర్లో గీయించాలి, ఆ మూల నా సంతకం పెట్టాలి. కాగితం పట్టుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. ఆయనే చదివించుకున్నాడు.

కాసేపటికి మాట ముద్దగా అన్నాడు. "నువ్వే పెట్టుకోవే సంతకం. పర్లేదు. గోడ వాళ్ళది, సున్నం వాళ్ళది. మనదేముంది." అని నవ్వబోయాడు. సగం మొహమే నవ్వింది. పిన్ని ఖాళీ రంగు డబ్బాకి మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఎవరి మీదో కాదు, నా మీదే. అన్నేళ్ళు టైర్ల మీదా, తోకల మీదా ఆ పేరుకి తెల్లరంగు పూసింది ఈ చెయ్యే గదా. విచారణ కావాలని రాశాను.

వీడియోలో విచారణ. అవతల పేటెంటు ఆఫీసు అధికారి, ఒక పెద్దాయన, మర్యాదస్తుడు, కాగితాలు బాగా చదువుకుని కూర్చున్నాడు. తెలుగువాడే. మిగతావన్నీ పది నిమిషాల్లో తేలిపోయాయి. చివరికి ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఆ ఫోన్ నంబరు సంగతేంటండీ? బొమ్మ మీద రాతలు ఉండకూడదు కదా," అన్నాడు.

"అది రాత కాదు సార్. దరఖాస్తుదారుడి సంతకం. కుడివైపు కింద మూల సంతకం ఉండాలని మీ రూలే చెబుతోంది," అన్నాను.

"సంతకంలో ఫోన్ నంబరా?"

పాసుబుక్కు పేజీ తెర మీద పెట్టాను. దాని వెనక, ఊళ్ళో మిగిలిన గోడల ఫొటోలు తొమ్మిది. ఎరువుల షాపు, రైసు మిల్లు, చర్చి ప్రహరీ, వాటర్ ట్యాంకు. అన్నిట్లో అదే మూల, అదే వాలు, అదే గీత, అదే నంబరు. ఆయన ఒక్కొక్కటే ముందుకి వంగి చూశాడు. బుగ్గల రైతు దగ్గర కాసేపు ఆగాడు.

"మరి నంబరు మారితే సంతకం మారినట్టేనా అమ్మా?"

"మార్చడు సార్. మారిస్తే పల్నాడులో గోడలన్నీ అబద్ధమైపోతాయి."

ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆపుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, సంతకంగానే తీసుకుందాం," అన్నాడు. నేను కెమెరా కట్టేసి, ఒక్కదాన్నే కూర్చుని బోరున ఏడ్చాను.

పేటెంటు వచ్చిన రోజు ఫోన్లో తెరిచి బాబాయ్‌కి చూపించాను. ఎడమ చేతి వేళ్ళతో బొమ్మని పెద్దది చేసుకుంటూ, చేసుకుంటూ, కాయలన్నీ దాటించి మూలకి తీసుకెళ్ళి ఆపాడు. చాలాసేపు చూశాడు. "నీడ కొంచెం ఎక్కువైంది," అన్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలకి పోయాడు.

ఇదంతా నడికుడి ఆయనకి చెప్పానని కాదు. కొంత చెప్పాను, ఈ బొమ్మ వేసింది ఆయనేనని మాత్రం చెప్పలేదు. రంగు లేకుండా రంగు మార్పు ఎలా చూపించవచ్చో అర్థమవుతుందని, కంప్యూటర్లో ఆ నాలుగో షీటు తెరిచి పెట్టాను. ఎరుపు ఇక్కడ నిలువు గీతలతో, ఆకుపచ్చ అక్కడ ఏటవాలు గీతలతో చూపిద్దామని నేను వివరిస్తుంటే, ఆయన చూపు మాత్రం మూల మీద ఉంది.

"బొమ్మ భలే ఉంది మేడం. ఈయన చేతే వేయిద్దాం. నంబరు కూడా ఉందిగా," అని, నేను నోరు తెరిచేలోపే ఫోన్ కొట్టి, స్పీకర్ పెట్టేశాడు.

రెండు రింగులకే ఎత్తారు. పిన్ని గొంతు.

"ఆయన లేరు బాబూ, పోయారు. గోడలు చూసి ఇంకా చేస్తానే ఉన్నారు జనం." ఎన్నిసార్లు చెప్పిందో ఏమో, మాట తడబడలేదు. తర్వాత మెల్లిగా అడిగింది. "ఏ గోడ మీద చూశారు బాబూ?"

అప్పుడు తెలిసింది, ఆమె నెలనెలా ఆ నంబరుకి రీచార్జి ఎందుకు చేయిస్తోందో. ఫోన్ చేసిన ప్రతివాడినీ ఆ ప్రశ్న అడిగి, ఏ గోడ ఇంకా నిలిచి ఉందో తెలుసుకుంటోంది.

నడికుడి ఆయన మొహం పాలిపోయింది. "గోడ కాదమ్మా. కంప్యూటర్లో. పేటెంటు కాగితం మీద," అన్నాడు తడబడుతూ.

పేటెంటు అనగానే పిన్నికి అర్థమైంది.

"అమ్మాయి ఉందా అక్కడ?"

"ఉన్నాను పిన్నీ."

"ఆ గోడ అట్టాగే ఉందా?"

"అట్టాగే ఉంది పిన్నీ."

"రంగు పోలేదుగా?"

తెర మీద బొగ్గులాంటి కాయలు, వాటి మధ్య తెల్లటి తాలు, కుడివైపు కింద మూల నీడతో సహా ఆయన పేరు.

"పోలేదు పిన్నీ," అన్నాను.